అడుగుకి పావు అంగుళం

భిలాయిలో, కోహ్కా పేటలో ఒక మొబైల్ దుకాణం పైన, మేడమీది గదిలో, కొత్తగా ఆట నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి ఒక కథ చెబుతారు. ఒక మద్రాసీ ముసలాయన ఉండేవాడట. మామూలుకంటే పొడుగైన దొంగ స్కేలు తయారుచేసుకుని, దానితో కొలిచి అందరినీ ఓడించేవాడట. ఒక ఆదివారం ఒక పెద్దమనిషి పసిగట్టి, జేబులోంచి టేపు తీసి, అందరి ముందూ పట్టుకున్నాడట. చెప్పేవాడు నవ్వుతాడు, వినేవాడు నవ్వుతాడు.

ఆ పెద్దమనిషిని నేను. ఆ కథలో స్కేలు పొడుగన్న ముక్క ఒక్కటే నిజం. మిగిలినదంతా నా నోటినుంచి వచ్చిన అబద్ధం. పొరపాటు కాదు, తెలియక అన్నది కాదు. తెలిసి, చూసి, ఆలోచించుకోవడానికి రెండు క్షణాల వ్యవధి ఉండి మరీ ఆడిన అబద్ధం. ఇది రాయడానికి ఇంతకాలం పట్టినందుకు నామీద నాకు మంటగా ఉంది. ఆ కథని అంత సంబరంగా మోసుకు తిరిగినవాళ్లమీదా మంటగానే ఉంది, కానీ వాళ్ల సంగతి తర్వాత.

నేను క్యాంప్ 1లో పుట్టాను. ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో మా నాన్న విజయనగరం వైపునుంచి వచ్చినవాడు. నేను ప్లాంటులో కాదు, బయట ఒక ప్రైవేటు వర్క్‌షాపులో ఇన్‌స్పెక్షన్ చూస్తాను. తయారైన ముక్కని డ్రాయింగుతో పోల్చి కొలిచి, సరిపోతే పచ్చరంగు చుక్క, సరిపోకపోతే ఎర్రరంగు చుక్క పెట్టడం నా పని. ఇరవయ్యారేళ్లుగా అదే పని. కొలత విషయంలో నాకు తెలియక జరిగిందంటే ఎవరూ నమ్మకూడదు. అందుకే ముందుగా చెబుతున్నాను.

ఆ గదికి నేను వెళ్లడం కాకతాళీయం. ఫోనుకి కవరు కొనడానికి వెళితే పైనుంచి పాచికలు దొర్లిన చప్పుడు, మగవాళ్ల అరుపులు వినపడ్డాయి. పేకాటేమో అనుకుని మెట్లెక్కాను. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు బల్ల. దానిమీద కొండలు, రాతిగోడలు, చిన్న వంతెన, కాలిన ఇల్లు. వాటి మధ్య బొటనవేలంత సైనికులు, గుర్రాలు, ఫిరంగులు, ఒక్కొక్కదానికీ చొక్కా గుండీల దాకా రంగు వేసి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి వాటిని కొలిచి కొలిచి జరుపుతున్నారు. పూనాలో ఉద్యోగం వదిలేసి వచ్చిన ఒక కుర్రాడు ఆ గది నడుపుతున్నాడు. "బైఠియే అంకుల్, సీఖేంగే?" అన్నాడు. నేర్చుకుంటారా అని. నేర్చుకుంటానన్నాను. యాభై దాటినవాడికి ఎవరైనా కొత్తది నేర్పుతానంటే వచ్చే ఉత్సాహం వేరు. అదెంతసేపుంటుందో అప్పటికి తెలియదు.

నియమాల పుస్తకం రెండు వందల పేజీలు, ఇంగ్లీషులో. అది కాక ఒక్కొక్క దళానికి ఒక్కొక్క అట్టముక్క. ఆ అట్టమీది మాట పుస్తకంలోని మాటని కొట్టేస్తుంది. అది కాక ఇంటర్‌నెట్‌లో సవరణల జాబితా. అది అట్టనీ పుస్తకాన్నీ రెంటినీ కొట్టేస్తుంది. మా వర్క్‌షాపులో ఒక ముక్కకి ఒక డ్రాయింగు. దానిమీద సంతకం ఉంటే అదే చివరిమాట. ఇక్కడ చివరిమాట ఏదో తెలుసుకోవడానికే పదిహేను నిమిషాలు.

ఒక్కొక్కరి వంతులో ఐదు దశలు. ముందు కదలిక, తర్వాత కాల్పులు, తర్వాత దాడి, తర్వాత ముఖాముఖి పోరు, ఆఖరున ఎవరి గుండె నిలిచింది, ఎవడు పారిపోయాడన్న పరీక్ష. నాకు కాల్చాలన్న సంగతి గుర్తొచ్చేసరికి ఆ దశ దాటిపోయేది. "అంకుల్, వో ఫేజ్ తో గయా," అనేవాళ్లు. పోయిందట. ఎక్కడికి పోయింది, ఇప్పుడే కదా ఇక్కడుంది అని నాకు ఒళ్లు మండేది. నా ఫిరంగి నిండుగా ఉంది, శత్రువు ఎదురుగా ఉన్నాడు, అయినా కాల్చకూడదు, ఎందుకంటే నేను అప్పటికే ఒక గుర్రాన్ని దాడికి అరంగుళం జరిపాను. కొండ వెనక ఉన్నవాడు కనిపిస్తాడు గానీ కనిపించినట్టు కాదు. గోడ వెనక సగం ఉన్నవాడికి రక్షణ ఉంది, పావు ఉన్నవాడికి లేదు. ఇరవై రెండేళ్ల పిల్లలు ఇవన్నీ పుస్తకం తెరవకుండా చెబుతుంటే, వాళ్లకంటే ముందే పుట్టిన నా డిప్లొమా పత్రం గుర్తొచ్చేది. మొదటి నెలలో ఆడిన నాలుగు ఆటలూ ఓడిపోయాను. నాలుగో ఆటలో నా సేనాధిపతిని నేనే నా ఫిరంగితో చంపుకున్నాను. దానికీ ఒక నియమం ఉంది. నూట పన్నెండో పేజీ.

ఆయన నాకు పరిచయమైంది ఆరోజే. డెబ్భై దాటిన మనిషి, పొట్టి, ఎండిన చేతులు, కళ్లజోడు జారకుండా వెనక లాస్టిక్ కట్టుకునేవాడు. ఆ బల్లమీది కొండలు, వంతెన, గోడలు అన్నీ ఆయన చేతిపని. ఫౌండ్రీలో ప్యాటర్న్ మేకరుగా రిటైరయ్యాడు. అంటే ఇనుముతో పోతపొయ్యాల్సిన వస్తువుని ముందు కొయ్యతో చెక్కి ఇచ్చేవాడు. ఆ కొయ్యని ఇసకలో అదిమితే అచ్చు పడుతుంది, ఆ అచ్చులో కరిగిన లోహం పోస్తారు. గది కుర్రాడు బల్లలు చేయించుకోవడానికి ఆయన్ని పిలిచాడు. చేస్తూ చేస్తూ ఆట చూసి, చూస్తూ చూస్తూ ఆడటం మొదలుపెట్టాడు. ఆ గదిలో ఆయన్ని ఓడించడం ఎవరికీ మాటలు కాదు.

"ఏటి బాబూ, మనోడివేనా?" అని అడిగాడు, నా సేనాధిపతి చచ్చిపోయిన పావుగంటకి.

"అవును బాబాయ్. క్యాంప్ వన్‌లో పుట్టాను."

"మరి ఆ ఇంగ్లీసు పుస్తకం పట్టుకుని అలగ మొకం మాడ్సుకుని కూకున్నావేటి? ఇలగ రా."

ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. కుర్రాడి చేత ఒక్కొక్క నియమం చదివించుకుని, హిందీలో అర్థం చెప్పించుకుని, దాన్ని గళ్ల పుస్తకంలో బొమ్మగా గీసుకున్నాడు. పైనుంచి చూస్తే ఎలా, పక్కనుంచి చూస్తే ఎలా, కోస్తే ఎలా, అచ్చం వర్క్‌షాపు డ్రాయింగులా. రెండు వందల పేజీలు ముప్పై బొమ్మల్లో ఉన్నాయి. నాకు చూపు నియమం నేర్పిన విధానం ఇప్పటికీ గుర్తుంది. నా మెడ పట్టుకుని బల్ల అంచుదాకా వంచాడు.

"నీ కంటితోటి సూడకు. నీ తుపాకోడి కంటికాడినుంచి సూడు. ఆడికి ఆ గుర్రం అగుపిస్తందా?"

"కాళ్లే కనపడుతున్నాయి."

"కాళ్లు అగుపిస్తే కాల్చు. తోక ఒక్కటే అగుపిస్తే కాల్చకు. అంతే నియమం. దీనికి మూడు పేజీలు రాసినారు సచ్చినోళ్లు."

ఆయన కొలిచే స్కేలు రెండడుగుల ఉక్కు బద్ద. నలభై ఏళ్లు చేతిలో నలిగి అంచులు నున్నబడ్డాయి. ఇద్దరం మొదటిసారి ఆడటానికి కూర్చున్నప్పుడు దాన్ని బల్ల మధ్యలో పెట్టి అన్నాడు.

"ముందే సెప్తన్నాను బాబూ. ఇది మామూలు స్కేలు కాదు. కాంట్రాక్షన్ స్కేలు."

"తెలుసు బాబాయ్. అడుగుకి పావు ఎక్కువ."

నాకు నిజంగానే తెలుసు. కరిగిన ఉక్కు చల్లారేటప్పుడు ముడుచుకుపోతుంది. కావలసిన కొలతకే కొయ్య చెక్కితే చివరికి ముక్క చిన్నదవుతుంది. అందుకని ప్యాటర్న్ మేకర్ల స్కేలులో అంగుళాలే కొంచెం సాగదీసి ఉంటాయి. ఉక్కుకైతే అడుగుకి సుమారు పావు అంగుళం. ఆ స్కేలుతో చెక్కితే లెక్కలు కట్టకుండానే ముడుచుకునే మేర సరిపోతుంది. ఆ పనిలో ఉన్నవాళ్లకి అదే అడుగు. మామూలు స్కేలు వాళ్ల చేతికి వింతగా ఉంటుంది.

"మరి దీంతో కొలిస్తే తప్పు కాదా?" అన్నాను.

"ఇద్దరం దీంతోటే కొలిత్తే ఏటి తప్పు? నా గుర్రం పరుగు పెరిగితే నీ గుండు దూరమూ పెరుగుద్ది. నీకు ఒప్పుదలైతేనే. కాదంటే నీ టేపు తీయ్, దాంతోటే ఆడదాం. ఒప్పుదలేనా?"

"సరే బాబాయ్."

ఆ సరే అన్నది నేను. ఇంకెవరూ కాదు.

అలా ఐదు నెలలు నేర్చుకున్నాను. ఆయన దగ్గర ఒక్క ఆట గెలవలేదు. నేను పుస్తకం వర్క్‌షాపుకి తీసుకెళ్లి, భోజనాల వేళ కూడా చదివేవాణ్ని. చదివింది ఆదివారం ప్రయోగిస్తే, "అది కాదు బాబూ," అనేవాడు మెత్తగా. ఒకసారి, ముందుకు నడిచిన తుపాకిదళం అదే వంతులో కాల్చవచ్చని నేను పట్టుబట్టాను. పేజీ సంఖ్య చెప్పాను. ఇంగ్లీషు వాక్యం గట్టిగా చదివి వినిపించాను. ఆయన గళ్ల పుస్తకం తీసి ఒక బొమ్మ చూపించాడు, కాలు ముందుకేసిన సైనికుడి తుపాకి మీద అడ్డగీత. గది కుర్రాడు ఫోనులో సవరణల జాబితా తెరిచి చూశాడు. బొమ్మే కరెక్టు. గదిలో ఎవడో చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టలేదు, నవ్వలేదు, నా భుజం మీద చెయ్యివేసి, "పెతీ పుస్తకానికీ మళ్లీ ఒక పుస్తకం ఉంతాది," అన్నాడు. ఆ చెయ్యి నాకు కంపరంగా అనిపించింది. ఒక అధికారి సంతకం కింద నా సంతకం ఉంటుంది రోజూ. పదో తరగతి గట్టెక్కని కొయ్యపని మనిషి నా తప్పులు దిద్దుతున్నాడు, అదీ ఓపికగా. ఓపిక లేకుండా దిద్దినా ఇంత కోపం వచ్చేది కాదు. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే నా చెయ్యి నాకే రోతగా ఉంది. కానీ అప్పుడలాగే అనుకున్నాను. అది దాస్తే ఈ రాతకి అర్థం లేదు.

ఆ ఆదివారం గదిలో పోటీ పెట్టారు. పెద్దది కాదు, గెలిచినవాడి పేరు గోడమీది తెల్లబోర్డు మీద రాస్తారు, అంతే. నాకూ ఆయనకీ జత పడింది. మా ఇద్దరిదీ కాక మిగతా ఆటలు అయిపోయి తొమ్మిదిమంది మా బల్ల చుట్టూ చేరారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎవరూ లేరు. ఎప్పటిలాగే ఆయన స్కేలు బల్ల మధ్యలో పెట్టి నావైపు చూశాడు. నేను తలాడించాను.

ఆరోజు మొదటిసారి నేను గెలుపు దారిలో ఉన్నాను. నా ఈటెలవాళ్లు ఆయన గోడమీదికి దాడి చేశారు. దాడి చేసేవాడు ముందు చెప్పాలి, తర్వాతే కొలవాలి, అందకపోతే మధ్యలో ఆగిపోయి దెబ్బ తినాలి. అది ఆ ఆటలో అన్నిటికంటే భయపెట్టే నియమం. నేను చెప్పాను, ఆయన స్కేలుతోనే కొలిచాను, సరిగ్గా అందింది. నా టేపుతో కొలిచుంటే మూడు మిల్లీమీటర్లు తక్కువ పడేది. ఆ లెక్క నేను అక్కడే, ఆ క్షణమే మనసులో కట్టుకున్నాను. ఇన్‌స్పెక్షన్ మనిషిని కదా. లోలోపల నవ్వుకుని నోరు మూసుకున్నాను.

ఆఖరి వంతులో ఆయన తన గుర్రపుదళం నా ఫిరంగుల మీదికి దాడి చేస్తుందని చెప్పాడు. వాటి పరుగు పన్నెండు అంగుళాలు. స్కేలు పెట్టాడు. అందింది. అది అందితే నా ఫిరంగులు పోతాయి, ఆట పోతుంది, బోర్డుమీది పేరు పోతుంది.

"రుకో," అన్నాను. ఆగమని.

జేబులోంచి నా టేపు తీసి పక్కన పెట్టాను. దూరం పన్నెండు అంగుళాలు దాటి ఇంకో ఐదు మిల్లీమీటర్లు. టేపుని స్కేలు పక్కనే ఆనించి అందరికీ కనపడేలా పట్టుకున్నాను. అడుగు దగ్గర రెండు గీతలూ కలవలేదు.

"ఇనకా స్కేల్ హీ గలత్ హై," అన్నాను. ఈయన స్కేలే తప్పు.

తొమ్మిదిమందీ మీదపడి చూశారు. ఆ తర్వాత గదిలో పుట్టిన సంతోషం నేను అక్కడ అంతకుముందు చూడలేదు. ఒకళ్లకొకళ్లు స్కేలు అందించుకున్నారు. ఒకడు ఫోటో తీశాడు.

"అరే, బుడ్ఢే నే అపనా ఇంచ్ బనా రఖా హై."

"ఇసీలియే హర్ బార్ జీత్‌తా థా."

సొంత అంగుళం తయారుచేసుకున్నాడట, అందుకే ప్రతిసారీ గెలిచేవాడట. ఐదు నెలలుగా ఆయన చేసిన కొండలమీద ఆడుకుంటూ, ఆయన గీసిన బొమ్మలు చూసి నియమాలు నేర్చుకుంటూ ఉన్నవాళ్లే. ఒక్కడు, కనీసం ఒక్కడు, ఇదేం స్కేలు బాబాజీ అని అడగలేదు.

ఆయన కంగారు పడలేదు. నావైపు తిరిగాడు. నలభై ఏళ్లు భిలాయిలో బతికినవాడు, హిందీ బాగానే వచ్చు. కానీ మా ఇద్దరి ఒప్పందం తెలుగులో జరిగింది, అందుకని తెలుగులోనే అన్నాడు.

"బాబూ, నీకు తెలుసు గదా. మొదటి రోజే సెప్పినాను, నువ్వు ఒప్పుకున్నావు. ఇందాక నువ్వూ దీంతోటే కొలిసినావు. ఆ మాట వీళ్లకి సెప్పు."

"క్యా బోల్ రహే హై?" అని గది కుర్రాడు నన్ను అడిగాడు. ఏమంటున్నాడు అని.

అందరూ నావైపు చూస్తున్నారు. ఆయన కూడా నావైపే చూస్తున్నాడు, నేను చెబుతానన్న నమ్మకంతో.

"బోల్ రహే హై గల్తీ హో గయీ," అన్నాను. "మాఫీ మాంగ్ రహే హై."

తప్పు జరిగిపోయిందంటున్నాడు. క్షమించమంటున్నాడు. అదీ నా అనువాదం.

ఆయనకి ప్రతి ముక్కా అర్థమైంది. ఆయన ముఖంలో కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. బల్లమీద ఒక ముక్కని పరీక్షించి పక్కన పెట్టేటప్పుడు నేను ఎలా చూస్తానో అలా చూశాడు నన్ను. స్కేలు ఎవడి చేతిలో ఉందో వాడి దగ్గర తీసుకుని, గుడ్డలో చుట్టుకుని, తన సైనికుల్ని బల్లమీదే వదిలేసి, కమ్మీ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

బోర్డుమీద నా పేరు రాశారు. "సహీ పకడా అంకుల్," భలే పట్టుకున్నారని టీ తెప్పించారు. తాగాను. అంతటితో ఆగి ఉంటే ఏమో. "నాకు ముందునుంచీ అనుమానంగానే ఉంది," అని కూడా అన్నాను. ఆ నెలలోనే టౌన్‌షిప్ సెక్టారులో ఒక పెళ్లి భోజనాల దగ్గర, మన తెలుగువాళ్ల మధ్య, ఈ కథ తెలుగులో కూడా చెప్పాను. ఆయన ఇల్లున్న మరోదా పేటలో ఆయన్ని ఎరిగినవాళ్లు ఆ వరసలోనే కూర్చుని ఉన్నారు. "ఆయనా? అలాంటోడని అనుకోలేదే," అన్నారు. అనుకోలేదే అన్న ఆ మాటతో ఆయన ముఖం చూపించే చోట్లు ఇంకో నాలుగు తగ్గాయి. ఇది తెలుగులో రాయడానికి కారణం ఆ పెళ్లి భోజనాలు.

ఆయన మళ్లీ గదికి రాలేదు. పని చెప్పడానికి కుర్రాడు పిలవనూ లేదు. కొత్త బల్లకి ప్లాస్టిక్ కొండలు ఎక్కడినుంచో తెప్పించారు. గళ్ల పుస్తకం ఆయన దగ్గరే ఉండిపోయింది కాబట్టి కొత్తవాళ్లకి నియమాలు నేర్పేవాడు లేక, ఆ పని నామీద పడింది. నేను నేర్పాను. తుపాకోడి కంటితో చూడాలని చెప్పి కొత్తవాళ్ల మెడలు వంచాను. అంకుల్ భలే నేర్పుతారన్నారు. అవునన్నట్టు ఊరుకున్నాను.

ఎనిమిది నెలలు గడిచాక ఒక ఆదివారం, కొత్తగా వచ్చిన ఒకతను ఈ కథ విని నన్నే అడిగాడు, పట్టుబడినప్పుడు ఆ ముసలాయన ఏమన్నాడని. నేను నోరు తెరిచేలోపు గది కుర్రాడు చెప్పాడు.

"అంకుల్ కే పాఁవ్ పకడ్ లియే. రో దియా బేచారా."

నా కాళ్లు పట్టుకున్నాడట. ఏడ్చేశాడట. కుర్రాడు అబద్ధం ఆడుతున్నానని అనుకోవడం లేదు. అతని కళ్లకి నిజంగానే అది జరిగినట్టు ఉంది. క్షమించమన్నాడని నేను చెప్పాను, ఎనిమిది నెలల్లో అది కాళ్లదాకా వచ్చింది. ఇంకో ఎనిమిది నెలలాగితే ఎక్కడికి వెళుతుందో. చేతిలో ఉన్న పాచికలు బల్లమీద పడేసి లేచాను.

మరోదాలో ఆయన ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో కూర్చుని కిటికీ గడియ అరగదీస్తున్నాడు. నన్ను చూసి ఆకురాయి ఆపలేదు.

"తప్పయిపోయింది బాబాయ్," అన్నాను.

"ఎవుడిది?"

"నాదే."

"ఆ సంగతి నాకు తెల్దా? నాకు సెప్పడానికి ఇంత దూరం వచ్చినావేటి?" గడియ ఎత్తి వెలుతురులో చూసుకున్నాడు. "అక్కడేమో హిందీలో అన్నావు. ఇక్కడికొచ్చి తెలుగులో ఏడుస్తన్నావు. ఇక్కడెవుడున్నాడు ఇనడానికి? నానూ, ఈ గడియా."

అప్పుడైనా నేను తలదించుకుని ఊరుకోవలసింది. "మీకూ హిందీ వచ్చు కదా బాబాయ్, ఆరోజు మీరే చెప్పొచ్చు కదా," అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. క్షమాపణకి వచ్చినవాడు బేరం పెట్టాడు.

ఆయన ఆకురాయి కింద పెట్టాడు.

"సెప్పొచ్చు. దొంగ దొరికినాడని అందరూ ఎగుర్తన్నప్పుడు దొంగ మాట ఎవుడు ఇంతాడు? నువ్వు సాక్షివి బాబూ. నాను నిన్ను సూసి మాటాడినాను, ఆళ్లని సూసి కాదు." గడియ పక్కన పెట్టి అడిగాడు. "ఎంతమంది ఉన్నారు ఆ రోజు?"

"తొమ్మిదిమంది."

"తొమ్మిదిమందికీ సెప్పు. హిందీలో సెప్పు. నాను ఏటన్నానో అదే సెప్పు, నీది కలపకు. అయినాక రా."

మళ్లీ ఆకురాయి అందుకున్నాడు. మంచినీళ్లు ఇమ్మని లోపలికి కేకెయ్యలేదు. మన ఇళ్లలో గుమ్మంలోకి వచ్చినవాడికి నీళ్లివ్వకపోవడం అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

తర్వాతి ఆదివారం వెళ్లాను. తొమ్మిదిమందిలో ఆరుగురున్నారు. ఆట ఆపమని, నిలబడి, జరిగింది జరిగినట్టు హిందీలో చెప్పాను. మొదటిరోజు ఆయన హెచ్చరించడం, నేను ఒప్పుకోవడం, నా ఈటెలవాళ్లు అదే స్కేలుతో గోడ చేరుకోవడం, ఆయన తెలుగులో అన్నది, నేను దాన్ని మార్చి చెప్పింది. తిట్టండి, మెట్లమీదినుంచి తోసెయ్యండి, అనుకుంటూ చెప్పాను.

ఎవరూ తిట్టలేదు. "ఛోడియే నా అంకుల్, ఖేల్ హీ తో హై," అన్నాడు ఒకడు. ఆటే కదా, వదిలెయ్యండి. గది కుర్రాడు నన్ను పక్కకి పిలిచి, కొత్తవాళ్ల ముందు ఇవన్నీ ఎందుకు, గదికి చెడ్డపేరు అన్నాడు. ముసలాయనకి చెడ్డపేరు వచ్చినప్పుడు గదికి ఏమీ కాలేదు. ఇంకొకడు, అన్నిటికంటే వీడిమీద నాకు కోపం, నియమాల పుస్తకం తెరిచాడు. ఇద్దరూ ఒప్పుకున్నా సరే, సాగిన అంగుళాన్ని అంగుళం అనవచ్చా లేదా అన్నది చూడాలట. ముగ్గురు తలలు దగ్గరపెట్టి వెతకసాగారు. ఒక మనిషి పేరు గురించి నేను మాట్లాడుతుంటే వాళ్లు పేజీలు తిప్పుతున్నారు.

"పేజీ పద్దెనిమిది," అన్నాను. నా గొంతు కింద దుకాణందాకా వినిపించి ఉంటుంది. "ఆటకి ముందు ఇద్దరూ ఒప్పుకున్న కొలతే చెల్లుతుంది. ఆ పేజీ నాకు ఆరోజే తెలుసు. ఈ పుస్తకంలో నేను సరిగ్గా నేర్చుకున్న నాలుగు పేజీల్లో అదొకటి."

అప్పుడు పుస్తకం మూసేశారు. ఒకే ఒక్కడు, ఆరోజు ఫోటో తీసినవాడు, ఫోను తీసి ఆ ఫోటో వెతికి నా ఎదురుగానే చెరిపేశాడు. ఎంతమందికి పంపావని అడిగాను. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మిగిలిన ముగ్గురిలో ఒకణ్ని రాయపూర్ వెళ్లి కలిశాను. ఇంకొకడు ప్లాంటు ఉద్యోగి, షిఫ్టు దిగి వస్తుంటే గేటు బయట పట్టుకున్నాను. సైకిలు స్టాండు దగ్గర నిలబడి మొత్తం విని, "ఆప్ భీ కమాల్ ఆద్మీ హో," మీరూ ఘనమైన మనిషే అని వెళ్లిపోయాడు. మెచ్చుకున్నాడో ఉమ్మేశాడో తెలియలేదు. రెండోదే అనుకుంటున్నాను.

తొమ్మిదోవాడు ఒడిశాలో ఏదో గనిలో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. నంబరు సంపాదించి నిన్న ఫోను చేశాను. కోహ్కా గది, ముసలాయన, పోటీ అని గుర్తుచేశాను.

"కౌన్ సా బుడ్ఢా?" అన్నాడు. ఏ ముసలాయన? గుర్తొచ్చి నవ్వాడు. "అచ్ఛా, వో స్కేల్ చోర్."

"చోర్ వో నహీ థే," అన్నాను. దొంగ ఆయన కాదు. "మై థా." నేను.

అటువైపు యంత్రాల హోరు. "మజాక్ మత్ కరో అంకుల్, డ్యూటీ పే హూ," అని పెట్టేశాడు. హాస్యాలాడొద్దట, డ్యూటీలో ఉన్నాడట. మళ్లీ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం ఇంకోసారి చేశాను. ఎత్తలేదు.

అతనికి తెలుగు రాదు. ఇది చదవడు. ఆయన నన్ను అడిగింది ఇలా రాయమని కాదు, తొమ్మిదిమందికి చెప్పమని. ఎనిమిదిమందితో మరోదా వెళ్లే ముఖం నాకు లేదు. రేపు పొద్దున్న అతను డ్యూటీ ఎక్కకముందే మళ్లీ ఫోను చేస్తాను.